మజులి లంకలో రాస్ పండగ: బరంపురం వైపు నుంచి వెళ్లేవాళ్లు ఏం చేసుకోవాలి, ఎలా చూడాలి

రాస్, అంటే కృష్ణుడి కథల ఆట, రాత్రిపూట జరుగుతుంది. మజులికి దాటించే రేవు పడవ సాయంత్రం నాలుగింటికల్లా ఆగిపోతుంది. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని ఆలోచిస్తే ప్రయాణంలో సగం లెక్క తేలిపోతుంది. పొద్దున వెళ్లి రాత్రికి తిరిగి రావడం కుదరదు. లంకలోనే మూడు రాత్రులు ఉండాలి. ఆ మూడు రాత్రులకూ పడుకునే చోటు ఇంటి దగ్గర ఉండగానే ఖాయం చేసుకోవాలి. బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ఉన్న మన తెలుగువాళ్లకు పనికొచ్చేలా ఆ ఏర్పాట్లన్నీ ఇక్కడ వరుసగా చెబుతున్నాం.

మజులి అస్సాంలో బ్రహ్మపుత్ర నడుమ ఉన్న లంక. గోదావరి లంకలను మనసులో పెట్టుకుని కొలవకండి. 2016లో గిన్నిస్ వాళ్లు దీన్ని ప్రపంచంలోకెల్లా పెద్ద నది లంకగా నమోదు చేసినప్పుడు వైశాల్యం 880 చదరపు కిలోమీటర్లు. అదే ఏడాది అది విడి జిల్లా కూడా అయింది. అంటే ఒక వేదిక నుంచి ఇంకో వేదికకు నడిచి పోదాం అనుకోవడానికి లేదు. శంకరదేవుడు (1449–1568), ఆయన శిష్యుడు మాధవదేవుడు నాటిన వైష్ణవ భక్తి ఈ లంకలో మఠాలుగా వేళ్లూనుకుంది. పాట, మద్దెల, నాట్యం, నాటకం, ముసుగుల తయారీ, తాళపత్రాల్లాంటి సాంచి పట్ట, అంటే సాంచి చెట్టు బెరడు మీద బొమ్మలు వేయడం, అన్నీ ఆ మఠాల్లోనే పెరిగాయి. కార్తీక పౌర్ణమికి అవన్నీ ఒక్కసారిగా బయటికొచ్చి లంక మొత్తం ఆడుతుంది. అదే రాస్.

ఒక మాట ముందే. ఆ మఠాలను అక్కడ 'సత్ర' అంటారు. మనకు సత్రం అంటే బాటసారులు దిగే చోటు. ఈ మాట నమ్ముకుని 'ఏదో ఒక సత్రంలో దిగిపోదాం' అని బయలుదేరితే చిక్కుల్లో పడతారు. కొన్ని సత్రల్లో అతిథి గదులు ఉన్న మాట నిజమే, కానీ అవి కొద్ది, ముందుగా అడిగి పెట్టుకున్నవాళ్లకే. ఇంకో సంగతి, రాతలో 'స' ఉన్న చోట అస్సామీల నోట 'ఖ'కూ 'హ'కూ మధ్య ఒక ధ్వని పలుకుతుంది. 'సత్ర' అన్నది చెవికి 'హొత్రొ' అన్నట్టు వినిపిస్తుంది. దారి అడిగేటప్పుడు ఇది గుర్తుంటే చాలు, సగం తికమక పోతుంది.

తేదీ ఖాయం చేసుకోవడం

మన పంచాంగంలో కార్తీక పౌర్ణమే వాళ్లకు రాస్ పూర్ణిమ. 2026లో అది నవంబర్ 24, మంగళవారం. అయితే ఆట ఆ ఒక్క రాత్రితో అయిపోదు. పౌర్ణమికి అటూ ఇటూ కలిపి మూడు నాలుగు రాత్రులు సాగుతుంది. ఏ సత్రలో ఏ రాత్రి, ఏ ఊరి మైదానంలో ఎన్ని రాత్రులు అన్నది ఏటేటా ఆయా చోట్లవాళ్లే నిర్ణయించుకుంటారు. అందుకని బస ఇచ్చేవాళ్లను అక్టోబరు చివర ఒకసారి, బయలుదేరే ముందు ఇంకోసారి ఫోన్లో అడగండి. 'ఈసారి మీ చుట్టుపక్కల ఎక్కడెక్కడ, ఎన్ని గంటలకు?' అన్న ఒక్క ప్రశ్న చాలు. మజులి ఇళ్లలో రాస్‌లో వేషం కట్టేవాళ్లు ఎవరో ఒకరు ఉంటారు కాబట్టి గాలివార్త కాకుండా సరైన కబురు దొరుకుతుంది.

ఇక్కడ ఇంట్లో పెద్దవాళ్లతో ముందే తేల్చుకోవలసింది ఒకటుంది. పౌర్ణమి తెల్లవారుజామున మన దగ్గర అరటి దొప్పల పడవలు వదిలే బొయితొ బందాణొ, సాయంత్రం 365 వత్తుల దీపం. ఈ రెండూ వదులుకోవడం చాలామందికి కష్టం. వత్తుల కట్ట, చిన్న డబ్బాలో నెయ్యి, మట్టి ప్రమిద సంచిలో వేసుకోండి. మజులిలోనూ ఆ రాత్రి దీపాలు వెలుగుతూనే ఉంటాయి. దిగిన ఇంటివాళ్లను అడిగితే వాకిట్లో చోటు చూపిస్తారు. రైల్లో మాత్రం నెయ్యి డబ్బా మూత గట్టిగా బిగించి, విడిగా ప్లాస్టిక్ సంచిలో కట్టాలి.

రైలు

బరంపురం నుంచి తిన్నగా వెళ్లే బండి కన్యాకుమారి–దిబ్రుగఢ్ వివేక్ ఎక్స్‌ప్రెస్. దేశంలో అన్నింటికన్నా ఎక్కువ దూరం నడిచే రైలు ఇదే. మీరు దిబ్రుగఢ్ దాకా పోనక్కర్లేదు, మరియాని జంక్షన్‌లో దిగాలి. అక్కడి నుంచి మజులి రేవుకు దగ్గరి ఊరైన జోర్హాట్ 18 కిలోమీటర్ల దూరం. బరంపురం నుంచి మరియానికి ఒకటిన్నర రోజు పైనే పడుతుంది. అంత దూరపు బండి కాబట్టి ఆలస్యం మామూలే. రాయగడవాళ్లకు విజయనగరం వెళ్లి ఎక్కడం సులువు. గుణుపురం, పర్లాకిమిడివాళ్లు నౌపడ మీదుగా మెయిన్ లైన్‌కు వచ్చి, శ్రీకాకుళం రోడ్‌లో గాని బరంపురంలో గాని ఎక్కొచ్చు.

టికెట్టు దగ్గరే చాలామంది దెబ్బతింటారు. 2024 నవంబర్ నుంచి ముందస్తు రిజర్వేషన్ 60 రోజులకు తగ్గింది. ఆ 60 రోజులూ బండి మొదటి స్టేషన్లో బయలుదేరే తేదీ నుంచి లెక్క. వివేక్ కన్యాకుమారిలో బయలుదేరి మన దగ్గరికి వచ్చేసరికి తేదీ మారిపోతుంది. అందుకని మీరు బరంపురంలో ఎక్కే తేదీకి 60 రోజుల ముందు కౌంటరు దగ్గరికి వెళితే అప్పటికే బుకింగ్ తెరిచి ఒకటి రెండు రోజులైపోయి ఉంటుంది. ఎక్కే తేదీ నవంబర్ 20 అనుకుంటే, ఆ బండి కన్యాకుమారిలో ఏ తేదీన కదిలిందో ముందు చూసుకుని, దానికి 60 రోజులు వెనక్కి లెక్కపెట్టండి. సెప్టెంబరు మూడో వారం మొదట్లోనే సిద్ధంగా ఉండాలి. దీపావళి, ఛఠ్ పండగలకు ఇళ్లకు వెళ్లినవాళ్లు తిరిగి పనులకు పోయే రోజులు కూడా ఇవే. బెంగాల్, బీహార్ అంచుల మీదుగా పోయే బండ్లలో వెయిటింగ్ లిస్టు కదలదు. 'ఎలాగోలా కన్ఫర్మ్ అవుతుంది' అని కూర్చోవద్దు.

వివేక్‌లో దొరక్కపోతే బెంగళూరు వైపు నుంచి మన లైన్ మీదుగా గౌహతి వెళ్లే బండ్లు చూడండి. గౌహతిలో ఒక రాత్రి ఆగి, పొద్దున్నే జోర్హాట్ టౌన్ వెళ్లే జన శతాబ్ది ఎక్కితే మధ్యాహ్నానికి చేరతారు. అది ఆదివారం నడవదు, తారీఖు చూసుకోండి. సమయం లేనివాళ్లు కోల్‌కతా దాకా రైల్లో వెళ్లి అక్కడి నుంచి జోర్హాట్‌కు విమానం పట్టుకోవచ్చు.

తేదీల కూర్పు ఇలా పెట్టుకుంటే ఊపిరి సలుపుతుంది. నవంబర్ 20న రైలు. 22 రాత్రి జోర్హాట్‌లో. 23 ఉదయం పడవ. 23, 24, 25 రాత్రులు మజులిలో. 26 ఉదయం వెనక్కి దాటడం. తిరుగు రైలు 27కి ముందు వద్దు. బండి గంటలు ఆలస్యమైనా 22 సాయంత్రానికి జోర్హాట్ చేరతారు. 21నే చేరిపోతే ఒక రోజు విశ్రాంతి దొరుకుతుంది. ముందు మూడు పొద్దులు ప్రయాణం చేసి, వెంటనే రాత్రంతా మేలుకుంటే రెండో అంకానికే కళ్లు మూతలు పడతాయి.

బస

గరమూర్, కమలాబారి అన్న రెండు ఊళ్ల చుట్టుపక్కలే బస ఎక్కువ. హోమ్‌స్టేలు, వెదురు కుటీరాలు, కొద్దిపాటి లాడ్జీలు. పౌర్ణమి వారానికి ఇవి రెండు మూడు నెలల ముందే నిండిపోతాయి కాబట్టి రైలు టికెట్టు కన్నా ముందు బస మాట్లాడుకోవడం మంచిది. మాట్లాడేటప్పుడు నాలుగు సంగతులు అడగండి. రేవు నుంచి ఎంత దూరం, తెల్లవారుజామున మూడింటికి వచ్చినా తలుపు తీస్తారా, వేదికల దగ్గరికి బండి మాట్లాడి పెడతారా, ఒక్కొక్కరికి ఎన్ని కంబళ్లు ఇస్తారు. రెండో ప్రశ్న మరిచిపోయినవాళ్లు ఆట మధ్యలో లేచి రావలసి వస్తుంది.

వెదురు కుటీరాలు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి గాని తడికెల సందుల్లోంచి నది గాలి కొడుతుంది. చంటిపిల్లలు, మోకాళ్ల నొప్పులున్న పెద్దలు వెంట ఉంటే ఇటుక గోడల గది అడగండి. మిసింగ్ తెగవాళ్ల చాంగ్ ఘర్‌లు నేలకు ఎత్తుగా, వెదురు స్తంభాల మీద నిలబెట్టిన ఇళ్లు. వరద రోజుల కోసం అలా కట్టుకున్నారు. వాటిల్లోకి దుంగ నిచ్చెన ఎక్కి పోవాలి, పెద్దవాళ్లకు ఇబ్బంది.

సంచి

చక్రాల సూట్‌కేసు ఇంట్లోనే వదిలేయండి. నవంబరుకల్లా బ్రహ్మపుత్ర నీరు తగ్గి రేవు ఇసుకలోకి జరుగుతుంది. బండి దిగిన చోటు నుంచి పడవ దాకా ఇసుకలో నడవాలి, ఆపైన పలక మీదుగా పడవలోకి ఎక్కాలి. చక్రాలు ఇసుకలో దిగబడతాయి, చేత్తో మోయాలంటే పెట్టె బరువు. భుజానికి తగిలించుకునే సంచి ఒక్కటే పనికొస్తుంది.

మన దగ్గర నవంబరు చివర తెల్లవారుజామున ఒక దుప్పటి చాలు. అక్కడ ఆరుబయట రాత్రంతా కూర్చోవాలి. చలి ఒక్కటే కాదు, మంచు తడి. పందిరి గుడ్డ మీద పడ్డ మంచు బొట్లు బొట్లుగా కింద రాలుతుంది, నేల మీద పరిచిన గడ్డి చెమ్మగిల్లుతుంది. అందుకని మనిషికి ఒక స్వెట్టరు, ఒక ఉన్ని శాలువ, మంకీ టోపీ, మేజోళ్లు. ఇద్దరికి ఒక బరకం ముక్క, దాని మీద వేసుకోవడానికి పాత దుప్పటి. బరకం కింద లేకపోతే ఎంత కప్పుకున్నా నడుములోంచి చలి పాకుతుంది. వీటితో పాటు టార్చిలైటు, పవర్ బ్యాంకు, దోమల మందు, జ్వరం మాత్రలు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, రోజూ వేసుకునే మందులు రెండు రోజుల అదనంతో. గరమూర్‌లో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది, కానీ మీరు వాడే బీపీ మాత్ర అదే పేరుతో దొరుకుతుందని లేదు.

డబ్బు జోర్హాట్‌లోనే తీసుకుని, 10, 20, 50, 100 నోట్లుగా మార్చుకోండి. ఫోనుతో కట్టడం లంకలోనూ నడుస్తుంది గాని జనం పోగైన రాత్రి సిగ్నల్ కూలబడుతుంది. ఏటీఎంలు కొద్ది, పండగ రోజుల్లో ఖాళీ అవుతాయి. అస్సాంకు ప్రత్యేక అనుమతి పత్రం ఏదీ అక్కర్లేదు. గుర్తింపు కార్డు మాత్రం పై జేబులో ఉండాలి.

నిమాతి రేవు

జోర్హాట్ నుంచి నిమాతి ఘాట్ 14 కిలోమీటర్లు, షేర్ ఆటోలు పోతాయి. అక్కడి నుంచి పడవలో మజులి వైపు కమలాబారి రేవుకు గంట నుంచి గంటన్నర. పడవ ఎప్పుడు ఎంతసేపు తీసుకుంటుందన్నది నీటి మట్టం మీద ఉంటుంది. నీరు తగ్గినప్పుడు ఇసుక మేటలు తప్పించుకుంటూ చుట్టు తిరిగి పోవాలి. పొద్దుటి పూట పొగమంచు దట్టంగా ఉంటే మొదటి పడవ కదలదు. రద్దయిందనుకుని వెనక్కి పోకండి, మంచు విడిచాక బయలుదేరుతుంది.

చివరి పడవ ఎందుకు నాలుగింటికే? ఆ తూర్పు కొసన నవంబరు చివర నాలుగున్నరకల్లా పొద్దు గూకుతుంది. చీకట్లో మేటలు కనబడవు. మనకు ఐదు దాటినా వెలుగుంటుంది కాబట్టి 'ఇంకా టైముందిలే' అన్న అలవాటు అక్కడ పనిచేయదు. జోర్హాట్‌లో మధ్యాహ్న భోజనం చేసి తీరిగ్గా బయలుదేరితే పడవ తప్పుతుంది. ఉదయం ఎనిమిదింటికి రేవులో ఉండండి. పౌర్ణమి ముందు రోజు, పౌర్ణమి రోజు అస్సాం నలుమూలల నుంచి జనం వస్తారు. కారు ఎక్కించుకుందామంటే వరస ఇంకా పెద్దది. మనిషి టికెట్టు పదుల రూపాయల్లోనే ఉంటుంది, కారుకు ఎక్కువ. కారు జోర్హాట్ వైపే వదిలి, అవతల బండి మాట్లాడుకోవడం మేలు.

2021 సెప్టెంబరులో నిమాతి రేవు దగ్గరే రెండు పడవలు గుద్దుకుని ప్రాణాలు పోయాయి. ఆ తరవాత ఒకే ఇంజను ఉన్న ప్రైవేటు పడవలను ఆపేశారు. మీ వంతుగా చేయాల్సింది కొంచెమే, కానీ తప్పక చేయండి. లైఫ్ జాకెట్టు అడిగి తీసుకుని తొడుక్కుని తాళ్లు కట్టుకోండి, పక్కన పెట్టుకుని కూర్చోవద్దు. నిండిపోయిన పడవ ఎక్కకుండా తరవాతి దానికి ఆగండి. పిల్లల్ని అంచున కూర్చోబెట్టకండి.

పాత ఫొటోలూ పటాలూ చూసి రేవు ఆనవాళ్లు గుర్తుపెట్టుకోవడం కూడా దండగే. 1950 ఆగస్టు 15న వచ్చిన పెద్ద భూకంపం నది అడుగును ఎత్తేసింది. అప్పటి నుంచి కోత మరీ ఎక్కువైంది, లంక ఏటా కొంత కొంత నదిలో కలుస్తూ వచ్చింది. గట్టు కోసుకుపోయిన చోట రేవు ఇంకో చోటికి జరుగుతుంది. రాస్ చూడాలన్న ఆశ ఉన్నవాళ్లు 'ఎప్పుడో ఒకప్పుడు' అనుకోకుండా వెళ్లి రావాలని మేం గట్టిగా చెప్పడానికి ఇదీ ఒక కారణం.

ఎక్కడ కూర్చోవాలి

అసలు కీలకం ఇది. పౌర్ణమి రాత్రి పదుల కొద్దీ వేదికల మీద ఒకేసారి ఆట నడుస్తుంది. కొత్తగా వెళ్లినవాళ్లు బండి మాట్లాడుకుని ఒక్కో చోట అరగంట చూసి నాలుగైదు తిరుగుదాం అనుకుంటారు. అలా చేస్తే దారిలో జనంలో ఇరుక్కుని, ప్రతిచోటా వెనక వరసలో నిలబడి, ఎక్కడా కథ అందక, తెల్లారేసరికి అలసట మిగులుతుంది. ఒక రాత్రికి ఒకే వేదిక. మొదటి నుంచి చివరి దాకా.

వేదికలు రెండు రకాలు. సత్రలో జరిగేది ఒకటి. అవివాహిత భక్తులు ఉండే సత్రల్లో గోపికల వేషాలు కూడా మగపిల్లలే కడతారు. నాట్యం నిదానంగా, కట్టుదిట్టంగా ఉంటుంది. సత్రియ నృత్యం ఈ గోడల మధ్యే పుట్టి, 2000లో సంగీత నాటక అకాడమీ గుర్తించిన శాస్త్రీయ నృత్యాల్లో చేరింది. కూచిపూడి కూడా ఒకప్పుడు మగవాళ్లే ఆడిన ఆట కదా, ఆ సంప్రదాయం తెలిసినవాళ్లకు ఇది వెంటనే మనసుకు పడుతుంది. ఉత్తర కమలాబారి, ఔనియాటి, దక్షిణపాట్ సత్రలు ఇందుకు పేరున్నవి. రెండోది ఊరి మైదానాల్లో, రంగస్థలాల మీద జరిగేది. అక్కడ ఆడపిల్లలే గోపికలు, పెద్ద తెరలు, రంగు దీపాలు, భారీ రాక్షస ముసుగులు, బయట తిరునాళ్ల సందడి. కొన్ని చోట్ల టికెట్టు ఉంటుంది, సాయంత్రమే కొనుక్కోవాలి.

మా సలహా ఇది. మొదటి రాత్రి మీ బసకు దగ్గరలోని మైదానంలో చూడండి, కళ్లు ఆ ఆటకు అలవాటు పడతాయి. పౌర్ణమి రాత్రి సత్రలో. మూడో రాత్రి శరీరం ఒప్పుకుంటే చూడండి, లేకపోతే నిద్రపోండి. పిల్లలుంటే మూడింటిలోనూ మైదానమే మంచిది, లేవడానికీ తిరగడానికీ వీలుంటుంది.

సాయంత్రం ఆరింటికల్లా చోటు పట్టుకోండి. వేదికకు మరీ దగ్గర వద్దు. మద్దెలల పక్కన కూర్చుంటే ఇంకే శబ్దమూ చెవికెక్కదు. ఏడెనిమిది వరసలు వెనక్కి, మధ్య దారి పక్కన కూర్చోండి. సత్రలో నటులు వేదిక మీద ఆగిపోరు, జనం మధ్య దారిలోంచి నడిచి వస్తారు. ముసుగులు దగ్గరగా కనిపించేది అక్కడే. చిన్నపిల్లల్ని మాత్రం దారి అంచున కూర్చోబెట్టకండి, మనిషి కన్నా ఎత్తైన అఘాసురుడు చీకట్లోంచి మీదికి వస్తే జడుసుకుంటారు.

రాత్రి ఎలా సాగుతుంది

మొదట వచ్చేది గాయన్-బాయన్. తెల్ల బట్టలు, తెల్ల తలపాగాలు కట్టుకుని పాడేవాళ్లు పెద్ద తాళాలతో, వాయించేవాళ్లు ఖోల్‌తో వరసగా వస్తారు. ఖోల్ మన మృదంగం లాంటిదే గాని ఒక మూతి పెద్దది, ఒకటి బాగా చిన్నది. మెడకు వేలాడదీసుకుని వాయిస్తూనే అడుగులు వేస్తారు, గెంతుతారు, వంగుతారు. ఇది గంట కూడా దాటొచ్చు. 'అసలు కథ ఎప్పుడు?' అని ఈ సమయంలోనే చాయ్ కోసం లేచిపోయేవాళ్లు ఎక్కువ. లేవకండి. సంగీతం కోసం వెళ్లినవాళ్లకు ఆ రాత్రి మొత్తంలో గట్టి భాగం ఇదే. నిదానంగా మొదలైన దరువు మెట్టుమెట్టుగా ఎక్కి, ముప్ఫై నలభై చేతులు ఒకే దెబ్బ మీద ఆగే క్షణం కోసం కాచుకోండి.

తరవాత ఇద్దరు మనుషులు అడ్డంగా ఒక గుడ్డ పట్టుకుని నిలబడతారు. అది ఆర్ కాపోర్, మన తెర. తెర వెనక నుంచి సూత్రధారి వస్తాడు. శ్లోకం చదివి, కథ చెప్పి, రాత్రంతా ఆటను నడిపించేది అతనే. కూచిపూడి భాగవతం చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. కృష్ణుడు ప్రవేశించగానే ఆడవాళ్లు ఉరులి ఇస్తారు, అంటే మన వైపు ఒడియా ఇళ్లలో పెళ్లికి చేసే హుళుహుళి. జనం చేతులు జోడిస్తారు. ఆ క్షణంలో ఫోను ఎత్తి పట్టుకుని నిలబడకండి, వెనకవాళ్లకు అది నాటకం కాదు, దర్శనం.

భాష భయపెట్టనక్కర్లేదు. పాత నాటకాల్లో వాడేది బ్రజావలి, మైథిలీ అస్సామీ కలిసిన ఒక కావ్యభాష. ఈనాటి అస్సామీలకే అన్ని మాటలూ అందవు. మనకు కలిసొచ్చేది రెండు. ఒకటి, గంజాం వైపు పెరిగినవాళ్లకు ఒడియా వచ్చు కాబట్టి భాతొ, పాణి లాంటి రోజువారీ మాటలు అటూ ఇటూ దగ్గరే. చెవి పెట్టి వింటే పదిలో రెండు మూడు మాటలు దొరుకుతాయి. రెండు, కథ అంతా భాగవతం దశమ స్కంధం. పూతన, శకటాసురుడు, తృణావర్తుడు, బకాసురుడు, అఘాసురుడు, కాళియ మర్దనం, చివరికి రాసక్రీడ. బయలుదేరే ముందు వారం రోజులు రోజుకు అరగంట చొప్పున దశమ స్కంధం పూర్వభాగం తెలుగులో చదువుకోండి, పిల్లలకు చదివి వినిపించండి. వరస తెలిస్తే మాట అందకపోయినా ఆట అందుతుంది. గంజాంలో తెల్లవార్లూ ప్రహ్లాద నాటకం చూసి, నరసింహుడి ముసుగు బయటికొచ్చే వేళ కోసం మేలుకున్నవాళ్లకు ఈ ఓపిక గురించి వేరే చెప్పక్కర్లేదు.

పన్నెండు, రెండు గంటల మధ్య నిద్ర ముంచుకొస్తుంది. రాత్రి భోజనం తక్కువ తినండి. పదింటికి ఒకసారి లాల్ చాహ్, అంటే పాలు లేని టీ, ఒంటిగంటకు ఇంకోసారి. అక్కడివాళ్లు ఆదరంగా తాంబూలం అందిస్తారు. ఆ పచ్చి వక్క మన ఎండు వక్క లాంటిది కాదు, అలవాటు లేనివాళ్లకు ఒళ్లంతా వేడెక్కి తల తిరుగుతుంది. చేతులు జోడించి తీసుకుని, చిన్న ముక్క నోట్లో వేసుకుని మిగతాది కొంగున కట్టుకోవచ్చు, తప్పు పట్టరు.

సత్రలో మసలుకోవడం

ప్రార్థన మందిరాన్ని నామ్‌ఘర్ లేదా కీర్తన్‌ఘర్ అంటారు. దాని తూర్పు కొసన మణికూట్. అక్కడ ఆసనం మీద భాగవత గ్రంథాన్ని నిలిపి కొలుస్తారు. ఒడియా ఊళ్లలో భాగవత టుంగి చూసినవాళ్లకు ఈ పద్ధతి అర్థమవుతుంది. మణికూట్‌లోకి బయటివాళ్లు అడుగు పెట్టకూడదు. చెప్పులు బయట ప్రాంగణం దగ్గరే విడవాలి. కొందరు భక్తులు స్నానం చేసి మడిగా ఉంటారు, వాళ్లను తాకకూడదు. కరచాలనానికి చేయి చాపకుండా నమస్కారం పెట్టండి. మందిరం లోపలికి ఎంతవరకు రావచ్చు, ఫొటో తీయవచ్చా అన్నది సత్రను బట్టి మారుతుంది, గుమ్మం దగ్గరే అడగండి. మగవాళ్లను 'దాదా' అని, ఆడవాళ్లను 'బాయిదేవ్' అని పిలవండి. ఫ్లాష్ ఎక్కడా వద్దు. ముసుగు తొడుక్కున్నవాడికి కళ్ల దగ్గర చిన్న సందులే ఉంటాయి, ఫ్లాష్ పడితే అడుగు తప్పి పడిపోతాడు.

నామ్‌ఘర్‌లో ప్రసాదంగా మాహ్ పెడతారు. నానబెట్టిన సెనగలు, పెసలు, అల్లం ముక్కలు, కొబ్బరి, అరటిపండు. శ్రీరామనవమి వడపప్పు తిన్న నోటికి అది మన ప్రసాదమే. కార్తీక మాసం నియమం పట్టినవాళ్లు బసలో ముందే 'చేప, ఉల్లి, వెల్లుల్లి లేకుండా' అని చెప్పాలి. మాంసం వద్దంటే సరిపోదు, చేపను విడిగా చెప్పకపోతే వండేస్తారు. వంట అంతా ఆవనూనెతోనే. పడనివాళ్లు అటుకులు, పెరుగు, బెల్లం అడగండి, ఎక్కడైనా దొరుకుతాయి. ఊరగాయ, కందిపొడి వెంట ఉంటే మూడు రోజులు ఇబ్బంది లేదు.

పగటి పూట

రాత్రి మేలుకున్నాక పదకొండు దాకా నిద్రపోండి. లేచాక ఐదు గంటల వెలుగే ఉంటుంది కాబట్టి ఒక్క పనే పెట్టుకోండి. మొదటి పగలు సామగురి సత్ర. ముసుగులు పుట్టేది అక్కడ. వెదురు పేళ్లతో అల్లిన చట్రం, దాని మీద కుమ్మరి మట్టిలో ముంచిన గుడ్డ, ఆపైన మట్టీ పేడా కలిపిన ముద్దతో ముక్కు, కనుబొమలు తీర్చడం, ఎండాక రంగు. ముఖానికి మాత్రం సరిపోయేది ముఖ ముఖా, దవడా కళ్లూ కదిలేది లోటోకాయి, ఒళ్లంతా కప్పేది బొర ముఖా. రాత్రి చూసిన పూతన నోరు ఎలా తెరుచుకుందో ఇక్కడ చేత్తో కదిపి చూపిస్తారు. ఈ విద్యకు ఈ సత్రకు చెందిన హేమచంద్ర గోస్వామి గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది, 2024లో మజులి ముసుగులకూ లిఖిత ప్రతుల చిత్రాలకూ భౌగోళిక గుర్తింపు వచ్చింది. ముసుగు కొంటే అక్కడే కొనండి, బేరం చేయకండి. పెద్దది మీద పడకండి, రైల్లో నలిగిపోతుంది. జానెడు ముసుగును తువ్వాలులో చుట్టి, అన్నిటికన్నా పైన పెట్టుకుని, పై బెర్తు మీద తలగడ పక్కన ఉంచండి. తడి తగిలితే మట్టి పూత లేచిపోతుంది.

బరంపురం పట్టు నేసే ఇళ్లవాళ్లయితే ఒక పూట మిసింగ్ ఊళ్లకు కేటాయించండి. చాంగ్ ఘర్‌ల కింద, నేల మీద మగ్గాలుంటాయి. ఆడవాళ్లే నేస్తారు. అంచు బుటా మన బుటాలకు ఎంత దగ్గరో, ఎంత వేరో చూడ్డానికి కళ్లున్నవాళ్లకు ఆ పూట చాలదు. అక్కడే ఎండి (ఎరి పట్టు) శాలువ దొరికితే తీసుకోండి, మూడో రాత్రి చలికి అది వెంటనే పనికొస్తుంది.

తిరుగు దారి

పౌర్ణమి మర్నాడు ఉదయం రేవులో తొక్కిసలాట. అందరూ ఒకేసారి వెనక్కి దాటాలనుకుంటారు. అందుకే 25న ఆగి 26న దాటమన్నాం. 26న కూడా మొదటి పడవకే వెళ్లండి. మంచు వల్ల మొదటిది ఆలస్యమైనా తరవాత ఇంకా పడవలుంటాయి. మధ్యాహ్నం పడవను నమ్ముకుంటే వెనక ఇంక ఆసరా లేదు. బస నుంచి రేవుకు బండి ముందు రాత్రే మాట్లాడి, డ్రైవరు ఫోన్ నంబరు కాగితం మీద రాసుకోండి. తెల్లవారుజామున ఫోను చార్జింగు అయిపోయి ఉంటుంది. జోర్హాట్ చేరాక ఆ పగలూ రాత్రీ నిద్రకే వదిలేసి, 27న మరియానిలో బండి ఎక్కండి.